మెజెస్టిక్ షూ, ఒకటి

బస్సుల్లో జనం ఏమేం మరిచిపోతారని అడిగితే డిక్షనరీ బాబాయ్ దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. "బుర్ర తప్ప అన్నీ" అనేవాడు. బుర్ర మరిచిపోయినవాళ్ల జాబితా రాస్తే మొదటి పేరు తనదేనని తెలిసేసరికి ఆయనకు యాభై ఆరేళ్లు వచ్చాయి. అప్పట్నుంచీ ఈ కథ అందరికీ తనే చెప్పి, అందరికంటే ముందు తనే నవ్వుతున్నాడు. "ఇంత తెలివితక్కువ పని చెయ్యాలంటే కూడా కాస్త చదువుండాలి బాబూ, ఊరికే రాదు" అంటాడు.

బస్‌స్టేషన్ చివర, మంచినీళ్ల కుళాయి పక్కన ఒక పొడుగాటి గది ఉంది. బస్సుల్లో దొరికిన వస్తువులన్నీ అక్కడికి చేరతాయి. గొడుగులు, కళ్లద్దాలు, భోజనం డబ్బాలు, చేతికర్రలు, ఒకసారైతే పై వరస పళ్లసెట్టు. ప్రతి వస్తువుకీ ఒక నంబరు చీటీ కట్టి, ఇనుప అరలో పెట్టి, రిజిస్టర్‌లో రాసుకోవడం ఆయన ఉద్యోగం. వస్తువు పోగొట్టుకున్నవాళ్లు వచ్చి ఆనవాళ్లు చెప్పాలి. చెప్పినవీ రాసినవీ సరిపోతే సంతకం పెట్టి పట్టుకుపోవచ్చు. ఇరవై ఏడేళ్లు ఆయన మామూలు తెలుగులో రాశాడు. "నల్ల గొడుగు. పిడి మీద పంటిగాట్లు. ఒక ఊచ వంగింది." అంతే. గొడుగు సొంతదారు గుమ్మంలో కాలు పెట్టి నోరు తెరిచేలోపే గొడుగు బల్ల మీద ఉండేది.

ఆ తర్వాత కొత్త ఆఫీసరు వచ్చాడు. కంప్యూటరూ ఆయనతోపాటే వచ్చింది. "ఇకనుంచి రిజిస్టర్‌లోనూ ఇందులోనూ అంతా ఇంగ్లీషులో ఎక్కించాలి. వస్తువుని చక్కగా వర్ణించాలి" అన్నాడు. చక్కగా వర్ణించాలి అన్న రెండు మాటలూ బాబాయ్ తలకెక్కి కూర్చున్నాయి. ఇరవై ఏడేళ్లుగా తనలో ఒక కవి గొడుగుల మధ్య మగ్గిపోతున్నాడని ఆ క్షణంలోనే ఆయనకు అర్థమైంది. అలాంటి కవి ఎవరూ అక్కడ లేడని అర్థం కావడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది.

ఆయన కూతురు ఒక ఇన్‌స్టిట్యూట్‌లో పెద్దవాళ్లకు ఇంగ్లీషు నేర్పుతుంది. వర్ణించే మాటలన్నిటినీ ఒక నోటుపుస్తకంలో వరసగా రాసి తండ్రి చేతిలో పెట్టింది.

"నాన్నా, ఇందులో ఒక వరస ఉంది. ముందు మన అభిప్రాయం చెప్పే మాటలు. తర్వాత సైజు, తర్వాత వయసు, ఆకారం, రంగు, దేనితో చేశారు. వస్తువుని బట్టి అన్నిట్లోంచీ తీసి వాడాలి. మొదటి పేజీల దగ్గరే ఆగిపోకు."

ఆగిపోకు అంటే ఆగకుండా ఉంటాడా! మొదటి పన్నెండు పేజీల్లో మెజెస్టిక్, గ్లోరియస్, ఎక్స్‌క్విజిట్, సబ్‌లైమ్ లాంటివి పట్టుచీరల్లా మడత నలగకుండా వరసగా ఉన్నాయి. తర్వాతి పేజీలు తిప్పి చూస్తే బిగ్, స్మాల్, రౌండ్, బ్రౌన్. "ఇవి ఒకటో తరగతి పిల్లల మాటలు. నాకెందుకూ?" అనుకుని మూసేశాడు. రోజుకు పది మాటల చొప్పున మొదటి పేజీలనే తిప్పి తిప్పి బట్టీ పట్టడం మొదలుపెట్టాడు. నేర్చిన మాట ఆ రోజే వాడకపోతే తెల్లారేసరికి మరిచిపోతానని భయం. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాడు: పొద్దున బస్సులో వస్తూ పది మాటలు నేర్చుకోవాలి, సాయంత్రంలోగా ఆ పదీ ఆ రోజు వచ్చిన వస్తువులకు తగిలించెయ్యాలి. మొదటి వస్తువుకు మొదటి మాట, రెండో వస్తువుకు రెండో మాట. వస్తువు ఏదైనా సరే, మాట మాత్రం వృథా కాకూడదు.

అలా ఒక ప్లాస్టిక్ బకెట్ గ్లోరియస్ అయింది. ఒక చేతికర్ర చార్మింగ్ అయింది. పళ్లసెట్టుకు ఆ రోజు వరసలో డిలీషియస్ వచ్చింది. పద్ధతి పద్ధతే కదా అని రాసేశాడు.

ఇంట్లోనూ ఇదే గోల. ఒకరోజు భార్య కూర వడ్డించి, "ఉప్పు సరిపోయిందా?" అంది.

"ఎక్స్‌క్విజిట్" అన్నాడు.

"ఆ ముక్కకి అర్థం తక్కువైందనా, ఎక్కువైందనా?"

"అద్భుతంగా ఉందోయ్ అని."

"అద్భుతం సంగతి తర్వాత. ఉప్పు సంగతి చెప్పండి" అని ఆవిడ తనే ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, మొహం ముడిచి, ఉప్పుడబ్బా తెచ్చుకుంది. అప్పుడైనా బుద్ధి రావాలా? రాలేదు. అరసికురాలు అనుకుని ఊరుకున్నాడు.

కండక్టర్లు మాత్రం ఆయనకు డిక్షనరీ బాబాయ్ అని బిరుదిచ్చేశారు. ఎగతాళికే ఇచ్చారు, ఆయన దాన్ని నెత్తిన పెట్టుకున్నాడు. ఈలోగా గదిలో వస్తువులు పేరుకుపోవడం మొదలైంది. తీసుకుపోయేవాళ్లు తగ్గిపోయారు. జనానికి వస్తువుల మీద ప్రేమ తగ్గిపోయిందని బాబాయ్ నిట్టూర్చాడు. పదిహేను రోజులకొకసారి శుక్రవారం పొద్దున వ్యాను వచ్చి, ఎవరూ అడగని పాత వస్తువుల్ని తుక్కు గోడౌనుకు పట్టుకుపోతుంది. ఇదివరకు సగం ఖాళీగా వెళ్లే వ్యానుకు ఇప్పుడు తలుపు మూయడానికి ఇద్దరు తొయ్యాల్సి వచ్చేది.

ఒక సోమవారం మధ్యాహ్నం ఫోను మోగింది. అవతల ఒకావిడ గొంతు తగ్గించి మాట్లాడుతోంది. వెనకాల ఆవిరి చప్పుడు.

"సార్, నేను లాండ్రీలో ఇస్త్రీ చేస్తానండి. రెండువారాల కిందట బస్సులో ఒక బూటు మరిచిపోయాను. ఒకటే, ఎడమకాలిది. మా పాపది సార్. దానికి ఒక కాలు పొట్టి. అందుకని అడుగు మందంగా కుట్టించాం. పట్టీ తెగితే బాగుచేయించి తెస్తూ సంచితో సహా సీట్లో వదిలేశాను. మొదట్లో డిపోలో అడిగితే లేదన్నారు. ఇవాళ ఎవరో మీ నంబరిచ్చారు."

బాబాయ్ కంప్యూటర్లో లెఫ్ట్ అని కొట్టాడు. ఏమీ రాలేదు. థిక్ అని కొట్టాడు. ఏమీ రాలేదు. షూ అని కొడితే అయిదు వచ్చాయి: మెజెస్టిక్ షూ, గ్రేషియస్ షూ, డివైన్ షూ, మరో రెండు. అయిదింటినీ చదువుకుని తృప్తిగా తలాడించాడు. పాపం, ఈవిడ అడిగేది కుట్లు వేసిన పాత బూటు. మన దగ్గరున్నవన్నీ మెజెస్టిక్‌లూ డివైన్‌లూ. ఇక్కడెందుకుంటుంది?

"లేదమ్మా, మా దగ్గరకు రాలేదు" అన్నాడు.

"ఒక్కసారి అరల్లో చూస్తారా సార్?"

"రిజిస్టర్‌లో లేనిది గదిలో ఉండదమ్మా" అన్నాడు బాబాయ్, ఎంతో గర్వంగా. ఆయన కూర్చున్న కుర్చీకి సరిగ్గా వెనక, చెయ్యి చాపితే అందే అరలో ఆ బూటుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారంటారు. ఈయన ఊరంతా కూడా వెతకలేదు, కూర్చున్నచోటే లేదనేశాడు.

బుధవారం ఆవిడ మళ్లీ ఫోను చేసింది. మళ్లీ లేదన్నాడు. శుక్రవారం మధ్యాహ్నం మనిషే వచ్చింది. చంకలో కూతురు. పిల్లకు పదేళ్లుంటాయి, ఎత్తుకునే వయసు కాదు. తల్లి ఆయాసపడుతూ బల్ల మీద దింపగానే, ఆ పిల్ల గౌను సర్దుకుని ఎవరైనా చూశారా అని చుట్టూ చూసింది.

"సోమవారం కొత్త బడి తెరుస్తారు సార్. క్లాసు మేడ మీద" అంది తల్లి. "ఇంకో బూటు కుట్టించాలంటే కొలతలిచ్చాక మూడు నెలలంటున్నారు. ఎత్తుకుని తీసుకెళ్తానంటే ఇది రానంటోంది."

"రాను" అంది పిల్ల. "మొదటిరోజే ఎత్తుకొస్తే సంవత్సరమంతా నన్ను చంటిపాప అంటారు."

బాబాయ్‌కి ఆ మాట ఎక్కడో తగిలింది. అయినా చదువుకున్నవాడు కదా, కంప్యూటరు వాళ్లవైపు తిప్పాడు. "చూడమ్మా, మీరే చూడండి. ఉన్నవి ఈ అయిదు."

ఆవిడ చదవలేకపోయింది. కూతురు కూడబలుక్కుని చదివింది. తల్లి విని, చాలా మామూలుగా అడిగింది: "అన్నగారూ, వీటిలో ఎడమకాలివి ఏవి?"

బాబాయ్ అయిదు పేర్లనీ మళ్లీ మొదట్నుంచీ చదివాడు. ఎడమ అన్న ముక్క ఎక్కడా లేదు.

"పోనీ, ఒంటి బూటు ఏది? జతలు ఏవి?"

తెలీదు.

"పిల్లలవి ఏవి?"

అదీ తెలీదు. అయిదూ తన చేత్తోనే అందుకున్నాడు, తన చేత్తోనే చీటీలు కట్టాడు. ఒక్కటి కూడా కళ్లముందుకు రావడం లేదు. మెజెస్టిక్ అన్న మాటకు స్పెల్లింగు గుర్తుంది, ఆ రోజు దాన్ని మూడుసార్లు నెమరు వేసుకుంటూ రాసింది గుర్తుంది. బూటు గుర్తులేదు.

"మీరు చూడలేదా అన్నగారూ?" అంది ఆవిడ. కోపం లేదు ఆ గొంతులో. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. ఆవిడ నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది, సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి.

చటుక్కున లేచి అరల దగ్గరకు పరుగెత్తాడు. వెనక అర ఖాళీ. ఇవాళ శుక్రవారం. వ్యాను పొద్దున్నే వచ్చి వెళ్లిపోయింది. తలుపు తోసిన ఇద్దరిలో తనొకడు.

గోడౌనుకు ఫోను చేశాడు. అక్కడ వస్తువులు ఏరే పెద్దమ్మ తీసింది. "బూట్లూ చెప్పులూ మూడింటికి రబ్బరు మిషన్లో పడతాయి. ఇక్కడ కొండంత ఉన్నాయి. నీ బూటు ఎలా ఉంటుందో చెప్పు, తీసి పక్కన పెడతా."

ఎలా ఉంటుంది? బాబాయ్‌కి నూట ఇరవై ఇంగ్లీషు మాటలు వచ్చు. నూట ఇరవైలో ఒక్కటీ ఆ ప్రశ్నకు పనికిరాలేదు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె. ఫోను పాప తల్లి చేతికిచ్చాడు.

"గోధుమరంగు తోలు, పెద్దమ్మా" అంది ఆవిడ ఒక్క క్షణం కూడా తడుముకోకుండా. "ఎడమకాలిది. అడుగు మూడు వేళ్ల మందం, నల్ల రబ్బరు. మడమ లోపలివైపు ఎక్కువ అరిగింది, మా పాప అటు వాలి నడుస్తుంది. రెండు పట్టీలు, కిందది కొత్తది, కొంచెం లేతరంగు. పట్టీల కింద ఉండే తోలు నాలుక లోపల పెన్నుతో నక్షత్రం గీసుంటుంది. అది గీసినందుకు నేను దీన్ని కొట్టాను కూడా…" అని అక్కడ ఆగిపోయి, చీరకొంగుతో ముక్కు తుడుచుకుంది.

"వెతుకుతా. కానీ ఇక్కడ ఇద్దరమే ఉన్నాం. మీరూ రండి" అంది పెద్దమ్మ.

అప్పటికి గంట రెండు దాటింది. పిల్లను టికెట్ కౌంటరమ్మాయికి అప్పజెప్పి, బాబాయ్, ఆవిడ గోడౌను వైపు పోయే బస్సెక్కారు. దారిలో ప్రతి సిగ్నలు దగ్గరా ఆవిడ ముందుకు వంగి డ్రైవరు భుజం మీంచి రోడ్డు చూసింది. బాబాయ్ జేబులోంచి అలవాటుగా నోటుపుస్తకం బయటికి వచ్చింది. ఆ రోజు పది మాటల్లో మొదటిది రిమార్కబుల్. దాన్ని చూసి, ఎవరో తన చెంప పగలగొట్టినట్టు మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు.

గోడౌనులో చెప్పుల కొండ నిజంగానే కొండ. ఒక పక్క మిషను అప్పటికే గరగరలాడుతోంది. పెద్దమ్మా కోడలూ చెరో వైపు కూర్చుని ఏరుతున్నారు. వ్యానుతో వచ్చిన లిస్టు కాగితం గోడకు అంటించి ఉంది. పెద్దమ్మ దాని వైపు గడ్డం ఎత్తింది.

"నాలుగు నెలల నుంచీ ఈ లిస్టులు చూసి మా కోడలు నవ్వి చస్తోంది. ఇవి రాసే మహానుభావుడు నువ్వేనా నాయనా?"

"నేనే" అన్నాడు బాబాయ్.

"ఇదివరకు ఎవరో బుద్ధిమంతుడు రాసేవాడు. చదివితే వస్తువు కంటికి కనబడేది. ఆయన రిటైరయ్యాడా?"

బాబాయ్ చొక్కా చేతులు మడిచి, కొండ ముందు గొంతుక్కూర్చున్నాడు. ఎడమ, కుడి. పలచన, మందం. నలుపు, గోధుమ. ఒక్కో చెప్పు ఎత్తి, తిప్పి, అడుగు చూసి పక్కన పెట్టాడు. నాలుగు నెలల తర్వాత అదే మొదటిసారి ఆయన వస్తువుల్ని చూడటం. ఒకదానికి మేకు పొడుచుకొచ్చింది. ఒకదానికి ఎవరో సైకిలు ట్యూబు ముక్కతో అడుగు వేసుకున్నారు. ఒక చంటిపిల్లల చెప్పు లోపల అయిదు వేళ్ల గుర్తులు అచ్చుపడి ఉన్నాయి. ఇవన్నీ తన గది మీదుగానే వచ్చాయి. ఇవి అడగడానికి వచ్చినవాళ్లలో ఎంతమందిని లేదు పొమ్మన్నాడో! తలుచుకుంటే కళ్లు మసకబారాయి. తుడుచుకుంటే చేతికున్న రబ్బరు మసి మొహానికంటింది.

మూడింటికి పది నిమిషాలు ఉందనగా మిషను కుర్రాడు మొదటి గంప ఎత్తాడు. "ఆగరా" అంది పెద్దమ్మ. ఆ గంప అంచులో ఒక నల్ల అడుగు కనిపిస్తోంది, మూడు వేళ్ల మందం. పెద్దమ్మ దాన్ని లాగి, నాలుక పైకెత్తి, లోపలికి తొంగి చూసింది.

"నక్షత్రం అన్నావు కదూ తల్లీ?"

పాప తల్లి బూటును రెండు చేతులతో అందుకుని, గుండెకు హత్తుకుని, గోడౌను మధ్యలో నిలబడి బావురుమంది. బాబాయ్ అక్కడే చెప్పుల మధ్య కూలబడ్డాడు. బూటుకు ఇంకా చీటీ వేలాడుతోంది. దాని మీద తన ముత్యాల్లాంటి దస్తూరీ: మెజెస్టిక్ షూ, ఒకటి.

తిరిగి బస్‌స్టేషన్ చేరేసరికి పిల్ల బల్ల మీద కూర్చుని కౌంటరమ్మాయితో పొట్టచెక్కలయ్యేలా నవ్వుతోంది. ఒళ్లో బాబాయ్ చేతిరాత రిజిస్టరు.

"తాతగారూ, పళ్లసెట్టు డిలీషియస్ అని రాశారు. మీరు తిని చూశారా?"

"లేదమ్మా" అన్నాడు బాబాయ్.

"ఈ గొడుగు హాస్పిటబులా? అంటే లోపలికి రమ్మని కూర్చోబెడుతుందా?"

"అమ్మడూ, పెద్దాయన్ని అలా అనకూడదు" అని తల్లి గదమాయించింది.

"అననివ్వమ్మా. ఆ మాట నాతో అనేవాళ్లు లేకే ఇంత పనైంది" అన్నాడు.

పిల్ల బూటు తొడుక్కుంది. పాత పట్టీ ముందు, కొత్త పట్టీ తర్వాత. గోడ పట్టుకోకుండా లేచి నిలబడింది. అటు చివర మంచినీళ్ల కుళాయి దాకా నడిచింది, వెనక్కి వచ్చింది. టక్కు, దబ్బు. టక్కు, దబ్బు. వస్తూ వస్తూ తల్లి వైపు చూసి ఇంతకుముందెప్పుడూ ఏమీ జరగనట్టు మొహం పెట్టింది.

సంతకం పెట్టాలంటే ముందు రిజిస్టర్‌లో ఆనవాళ్లు సరిపోవాలి, అది రూలు. బాబాయ్ కళ్లజోడు పెట్టుకుని, స్కేలు పెట్టి మెజెస్టిక్ అన్న మాటను అడ్డంగా కొట్టేశాడు. పక్కన బూటును చూసి చూసి రాశాడు. బ్రౌన్. లెఫ్ట్. థిక్ సోల్. టూ స్ట్రాప్స్. స్టార్ ఇన్‌సైడ్. అన్నీ ఒకటో తరగతి పిల్లల మాటలే. రాసి పిల్లకు చూపించాడు.

"సరిపోయిందా అమ్మా?"

పిల్ల చదివింది. తల అడ్డంగా ఊపింది.

"ముఖ్యమైంది రాయలేదు."

"ఏంటది?"

పిల్ల మళ్లీ కూర్చుని పట్టీలు విప్పి, బూటు తీసి ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన చెయ్యి బల్ల దాకా దిగిపోయింది. ఇంత పిల్ల ఇంత దాన్ని కాలికి కట్టుకుని రోజంతా నడుస్తుందా అనుకున్నాడు. ఇదే బూటును తను ఒకసారి ఎత్తి, చీటీ కట్టి, అరలో పెట్టాడు. అప్పుడు కూడా ఇది ఇంతే ఉండి ఉంటుంది.

"హెవీ" అంది పిల్ల. "రాసుకోండి. నా బూటు గురించి ఎవరడిగినా నేను మొదట చెప్పేది అదే."

బాబాయ్ పెన్ను తీశాడు. నూట ఇరవై మాటల్లో ఆ మాట లేదు. కూతురు పుస్తకంలో ఎక్కడో వెనక పేజీల్లో ఉండే ఉంటుంది.

"స్పెల్లింగ్ చెప్పనా తాతగారూ?" అంది పిల్ల.

ఆ మాటకు స్పెల్లింగు ఆయనకు చిన్నప్పట్నుంచీ వచ్చు.

"చెప్పమ్మా" అన్నాడు.